పోర్న్ అలవాటుకు గంటల లెక్క కొలత కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

యువతీయువకులు పోర్న్ చూడటం గురించి వార్త వచ్చినప్పుడల్లా అందులో ఒక శాతం, ఒక భయం, చివర ఒక హితబోధ ఉంటాయి. ఎంతమంది చూస్తున్నారో రాస్తారు. చూసేవాళ్లలో ఎవరికి అది వదిలించుకోలేని బాధగా మారుతుంది, ఎందుకు మారుతుంది, మారితే ఏం చేయాలి అన్నది మాత్రం రాయరు. యువత మానసిక ఆరోగ్యం మీద పనిచేసే మేము ఆ మిగిలిన భాగాన్ని మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడవైనా పూర్తిగా ప్రచురించమని మనవి.

ముందు ఆ శాతాల సంగతి. 2008లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ఆరు విద్యాసంస్థల నుంచి 813 మంది విద్యార్థులను అడిగింది. యువకుల్లో 87 శాతం, యువతుల్లో 31 శాతం చూస్తామన్నారు. 2016లో అదే దేశంలో 18 నుంచి 39 ఏళ్లవారి మీద వచ్చిన మరో విశ్లేషణ ‘చివరిసారి ఎప్పుడు చూశారు’ అనే ప్రశ్న నుంచి లెక్క కట్టింది. గత వారంలో చూసినవాళ్లు మగవారిలో 46 శాతం, ఆడవారిలో 16 శాతం తేలారు. ఈ రెండు లెక్కలకూ వైరుధ్యం లేదు. వయసు వేరు, అడిగినవాళ్లు వేరు, అన్నిటికంటే ముఖ్యంగా ప్రశ్న వేరు. ‘తరచుగా చూస్తారా’ అని అడిగితే ‘తరచు’ అంటే ఒకరికి రోజూ, ఇంకొకరికి నెలకోసారి. ప్రశ్న ఏమిటో, ఎవరిని అడిగారో చెప్పకుండా శాతం ఒక్కటే ముద్రిస్తే పాఠకుడికి తెలిసేదేమీ ఉండదు.

చూడటానికి ముడిపడ్డ అంశాల్లో కొన్ని అందరూ ఊహించగలిగేవే. మగవాళ్లు ఎక్కువగా చూస్తారు. ఒంటరిగా వాడుకునే ఫోను, తలుపు వేసుకునే గది ఉంటే వాడకం పెరుగుతుంది. మత నిష్ఠ ఉన్నవారిలో తగ్గుతుంది. స్నేహితులు దాన్ని మామూలు విషయంగా తీసుకుంటే పెరుగుతుంది. అమెరికా మనస్తత్వవేత్త ఆల్ కూపర్ 1998లోనే ఇంటర్నెట్ లైంగికత గురించి రాస్తూ దాన్ని నడిపించే మూడింటిని చెప్పాడు: అందుబాటు, చవక, అజ్ఞాతం. స్మార్ట్‌ఫోను రాకముందు చెప్పిన మాట అది. ఇవాళ ఆ మూడూ జేబులోనే ఉన్నాయి.

కౌమారం విషయంలో ఆమ్‌స్టర్‌డాం విశ్వవిద్యాలయ పరిశోధకులు యోకెన్ పీటర్, పట్టి వాల్కెన్‌బర్గ్ 1995 నుంచి 2015 దాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2016లో సమీక్షించారు. తరచుగా చూసేవారు ఎక్కువగా మగపిల్లలు, శారీరకంగా ముందు ఎదిగినవాళ్లు, కొత్త ఉద్వేగాల కోసం వెతికే స్వభావం ఉన్నవాళ్లు, ఇంట్లో బంధాలు బలహీనంగానో గొడవగానో ఉన్నవాళ్లు అని తేలింది. ఈ నాలుగింటిలో చివరిదాన్ని వార్తలు ఎప్పుడూ వదిలేస్తాయి. తల్లిదండ్రులు సరిదిద్దగలిగిందల్లా అదొక్కటే, అయినా అదే కనబడకుండా పోతోంది. 18 నుంచి 25 ఏళ్ల వయసుకు వచ్చేసరికి ఇల్లు వదలడం, చదువు ఒత్తిడి, ఉద్యోగం దొరుకుతుందో లేదో తెలియకపోవడం, సమయం మీద ఎవరి అదుపూ లేకపోవడం దానికి తోడవుతాయి.

చూడటం ఒకటి, అది సమస్యగా మారడం మరొకటి. ఈ రెంటినీ కలిపేయడమే ఈ చర్చలో జరుగుతున్న అతిపెద్ద పొరపాటు. 42 దేశాల్లో 82,243 మంది పాల్గొన్న అంతర్జాతీయ సర్వే ఆధారంగా పరిశోధకురాలు బెయాటా బోథే బృందం 2024లో ప్రచురించిన విశ్లేషణలో, సమస్యాత్మక వాడకం ముప్పు ఉన్నవారు 3.2 శాతం. అంటే చూసేవాళ్లలో అత్యధికులు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. అదే సమయంలో 3.2 శాతం చిన్న సంఖ్య కూడా కాదు. వంద మంది కూర్చున్న తరగతి గదిలో ముగ్గురు ఎవరికీ చెప్పుకోలేని బాధతో ఉన్నట్టు. ఆ బాధ ఉన్నవారిలో చికిత్స కోసం వెళ్లినవాళ్లు 4 నుంచి 10 శాతమే. ఇంకో 21 నుంచి 37 శాతం మంది వెళ్లాలనుకుని, ఖర్చు భరించలేక, ఇంకా అలాంటి కారణాలతో ఆగిపోయారు.

మరి ఆ గీత ఎక్కడుంది? ఎన్ని గంటలు చూశారన్న చోట లేదు. వారానికి చాలాసార్లు చూసినా చదువు, నిద్ర, ఉద్యోగం, బంధాలు చెడనివాళ్లు ఉన్నారు. నెలకు రెండుసార్లే చూసి నరకం అనుభవించేవాళ్లూ ఉన్నారు. తేడా తెచ్చేది ఎందుకు చూస్తున్నారన్నదే. పరిశోధకులు ఎనిమిది రకాల కారణాలను వేరు చేశారు: లైంగిక సుఖం, కుతూహలం, ఊహాలోకం, విసుగు పోగొట్టుకోవడం, లైంగిక జీవితంలో అసంతృప్తి, ఒత్తిడి తగ్గించుకోవడం, బాధ నుంచి మనసు మళ్లించుకోవడం, తన ఇష్టాలను తాను తెలుసుకోవడం. వీటిలో సుఖం కోసమో కుతూహలం కొద్దీనో చూసేవారి కంటే ఒత్తిడిని, బాధను అణచుకోవడానికి చూసేవారిలో సమస్య ఎక్కువగా కనబడుతుంది.

దీని పనితీరు అర్థం కావడం ముఖ్యం. పరీక్ష పోయిందనో, ఎవరో తిరస్కరించారనో మనసు భారంగా ఉంటుంది. వీడియో తెరిచిన కొద్ది నిమిషాల్లో ఆ భారం పక్కకు పోతుంది. మెదడు ఈ జంటను నేర్చుకుంటుంది: బాధ వస్తే ఇది. అసలు బాధ మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది, పైగా రాత్రి నిద్ర పోతుంది, మర్నాడు పని ఆగుతుంది, సిగ్గు తోడవుతుంది. ఇప్పుడు బాధ ఇంకాస్త పెరిగింది, ఉపశమనానికి తెలిసిన దారి అదొక్కటే. ఒంటరితనం విషయంలోనూ ఇదే చక్రం: ఒంటరితనం వల్ల చూడటం పెరగవచ్చు, చూడటం వల్ల మనుషులకు దూరం కావడమూ పెరగవచ్చు. ఒకే సమయంలో ఒకేసారి అడిగిన సర్వేలు ఏది ముందో, ఏది వెనకో తేల్చలేవు. అందుకే ‘పోర్న్ వల్ల డిప్రెషన్’ అనే శీర్షిక గానీ, ‘డిప్రెషన్ వల్ల పోర్న్’ అనే శీర్షిక గానీ అలాంటి సర్వే మీద పెట్టకూడదు.

ముడిపడ్డ అంశాల్లో వైద్యులు కూడా తరచు అడగడం మరిచిపోయేవి కొన్ని ఉన్నాయి. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, తొందరపాటు ఉన్న యువతలో ఈ ఇబ్బంది ఎక్కువగా కనబడుతుంది. దాన్ని గుర్తించి చికిత్స చేయకుండా సంకల్పబలం పెంచుకొమ్మంటే పని జరగదు. ఉన్నట్టుండి లైంగిక కోరిక విపరీతంగా పెరిగి, నిద్ర తగ్గి, మాటలు, ఖర్చులు పెరిగితే అది బైపోలార్ మానియా, అంటే మనసు అదుపు లేని ఉత్సాహంలోకి వెళ్లే జబ్బు దశ కావచ్చు. మెదడులోని డోపమైన్ అనే రసాయనం మీద పనిచేసే కొన్ని మందులు, ఉదాహరణకు ప్రామిపెక్సోల్, అరిపిప్రజోల్, అరుదుగా ఇలాంటి అదుపులేని ప్రవర్తనను తెస్తాయి. అరిపిప్రజోల్ గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరిక ఇచ్చింది. మందు మొదలుపెట్టాకే అలవాటు ముదిరితే ఆ మాట డాక్టరుకు చెప్పాలి, మందు తనంతట తాను ఆపేయకూడదు. చిన్నతనంలో లైంగిక హింసకు గురైన చరిత్ర కూడా కొందరిలో ఉంటుంది. అక్కడ పోర్న్ మానడం కంటే ముందు ఆ గాయానికి వైద్యం కావాలి.

ఇక అపరాధభావం. ఇది మేము గట్టిగా చెప్పదలచుకున్న విషయం. మనస్తత్వవేత్త జాషువా గ్రబ్స్, ఆయన సహచరులు 2019లో ప్రచురించిన సమీక్షలో, తాను తప్పని నమ్మే పనిని తానే చేస్తున్నప్పుడు పుట్టే సంఘర్షణకూ, ‘నేను బానిసనైపోయాను’ అనే నమ్మకానికీ బలమైన సంబంధం కనబడింది. ఎంత చూస్తున్నారన్న దానికంటే ఈ సంఘర్షణే ఆ నమ్మకాన్ని ఎక్కువగా అంచనా వేయగలిగింది. మత నిష్ఠ ఉన్నవాళ్లు తక్కువ చూస్తారు, కానీ చూసిన కొద్దిపాటికే తమను తాము వ్యసనపరులుగా భావించుకునే అవకాశం ఎక్కువ. వాళ్ల బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కానీ దానికి వైద్యం వేరు. వాళ్లకు ‘నీ మెదడు చెడిపోయింది’ అని చెప్పడం అబద్ధమే కాదు, హాని కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తేడాను గుర్తించింది. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన దాని రోగాల జాబితా ఐసీడీ-11లో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్, అంటే లైంగిక ప్రవర్తన అదుపు తప్పే రుగ్మత, 6సీ72 సంఖ్యతో ఉంది. దాన్ని వ్యసనాల కింద పెట్టలేదు, ఉద్రేకాలను అదుపు చేసుకోలేని రుగ్మతల కింద పెట్టారు. ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం అదుపు తప్పి ఉండాలి, దానితో పాటు వీటిలో ఒకటైనా కనబడాలి: ఆరోగ్యం, బాధ్యతలు పక్కకు పోయి అదే జీవితానికి కేంద్రం కావడం, మానడానికి చేసిన ప్రయత్నాలు పదేపదే విఫలం కావడం, నష్టం జరుగుతున్నా కొనసాగడం, తృప్తి లేకపోయినా కొనసాగడం. నైతికంగా తప్పన్న భావం వల్ల మాత్రమే కలిగే బాధ ఈ నిర్ధారణకు సరిపోదని అందులో స్పష్టంగా ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి తన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో ఇలాంటి రుగ్మతను చేర్చే ప్రతిపాదనను పక్కన పెట్టింది. కాబట్టి ‘పోర్న్ వ్యసనం’ వైద్యశాస్త్రం ఖాయం చేసిన రోగమని రాయడం సరికాదు, ఇబ్బందే లేదని రాయడమూ సరికాదు.

తన పరిస్థితి ఎక్కడుందో తెలుసుకోవాలనుకునేవారికి ఒక కొలత ఉంది. సమస్యాత్మక పోర్న్ వాడకాన్ని కొలవడానికి 2018లో వచ్చిన పీపీసీఎస్ అనే ప్రశ్నావళిలో 18 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. గత ఆరు నెలల్లో అది ఎంతగా మనసంతా ఆక్రమించింది, మోతాదు పెరుగుతోందా, మనసు బాగుచేసుకోవడానికి వాడుతున్నారా, జీవితంతో ఘర్షణ పడుతోందా, లేకపోతే చిరాకు వస్తోందా, మానాలనుకుని మళ్లీ మొదలుపెడుతున్నారా అన్న ఆరు కోణాలను అది అడుగుతుంది. మొత్తం 126కి 76 వస్తే జాగ్రత్త పడాలి. ఆరు ప్రశ్నల చిన్న రూపంలో ఆ గీత 42కి 20. ఇవి వడపోత కోసమే, నిర్ధారణ కోసం కాదు. గీత దాటినవారిలోనూ చాలామందికి మనిషితో మాట్లాడాక వేరే కారణం బయటపడుతుంది.

ఇంట్లో తనంతట తాను చేయగలిగే పని రెండు వారాల నమోదుతో మొదలుపెట్టాలి. ఈ రెండు వారాలూ మానే ప్రయత్నం వద్దు, ఉన్నదున్నట్టు రాయాలి. చూసిన ప్రతిసారీ, చూడాలనిపించి ఆగిన ప్రతిసారీ ఐదు సంగతులు: సమయం, ఎక్కడ ఉన్నారు, దానికి ముందు గంటలో ఏం జరిగింది, మనసులో ఏ భావం ఉంది, చూశాక ఒక గంటకు ఎలా ఉంది. కాగితం మీద ఒక్క ముక్కలో రాస్తే చాలు. చూసినవాటి వివరాలు రాయనక్కర్లేదు. పైగా అది మళ్లీ ప్రేరణ అవుతుంది. చాలామంది చేసే తప్పు చూసినప్పుడే రాయడం, ఆగగలిగినప్పుడు రాయకపోవడం. ఆగినచోట ఏం పనిచేసిందో తెలిసేది ఆ రాతల్లోనే. రెండు వారాలయ్యాక చూస్తే సాధారణంగా రెండు మూడు సందర్భాలే పదేపదే వస్తాయి: రాత్రి పడకలో ఫోను, పని వాయిదా వేసిన మధ్యాహ్నం, ఎవరితోనో గొడవ పడ్డాక. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటిలో ఏదో ఒకటి అక్కడ ఉంటుంది.

మార్చాల్సింది ఆ సందర్భాన్ని. పడకలో ఫోను కారణమైతే ఫోనును వేరే గదిలో ఛార్జింగ్ పెట్టి అలారానికి విడిగా ఒక గడియారం కొనుక్కోవడం మంచి ఫలితం ఇచ్చే చర్య. ‘ఫోను పక్కనే ఉంచుకుని చూడను’ అనే ప్రతిజ్ఞ అలసిన మనసుతో రాత్రి పన్నెండుకు నిలవదు. పని వాయిదా కారణమైతే పనిని ఇరవై నిమిషాల ముక్కలు చేయాలి. గొడవ కారణమైతే ఆ గొడవ గురించి మాట్లాడే మనిషి కావాలి.

ఫిల్టర్ల గురించి అందరూ అడుగుతారు. ఇంటి వైఫై రౌటరులో డీఎన్ఎస్ చిరునామా, అంటే వెబ్‌సైట్ల పేర్లను వెతికిపెట్టే సర్వరు చిరునామా, మార్చడం సులువు, ఖర్చు లేదు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో తెచ్చిన 1.1.1.3 అనే చిరునామా అడల్ట్ సైట్లను ఆపుతుంది. కానీ అది ఎక్కడ విఫలమవుతుందో ముందే తెలియాలి. మొబైల్ డేటాకు మారితే రౌటరు అమరిక పనిచేయదు. ఇంటర్నెట్ వాడకాన్ని వేరే సర్వరు మీదుగా మళ్లించే వీపీఎన్ దాన్ని దాటేస్తుంది. బ్రౌజరులో సెక్యూర్ డీఎన్ఎస్ వేరేదానికి ఉంటే అదీ దాటేస్తుంది. సామాజిక మాధ్యమాల్లో, మెసేజ్ గ్రూపుల్లో వచ్చేవాటిని ఇది ఆపలేదు. ఫిల్టరు చేసేదల్లా ఆలస్యం తేవడం. కానీ ఆ ఆలస్యానికి విలువ ఉంది, ఎందుకంటే కోరిక అల ఒకసారి పైకి లేచి, దానితో పెనుగులాడకపోతే సాధారణంగా అరగంట లోపే దిగిపోతుంది. ఆ అరగంటలో ఏం చేయాలో ముందుగా రాసి పెట్టుకోవాలి: గది వదిలి బయటికి నడవడం, ఎవరికైనా ఫోన్ చేయడం, స్నానం.

ఆలోచనను బలవంతంగా తోసేయడం మాత్రం పనిచేయదు. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి చేసిన ప్రయోగంలో, వద్దన్న ఆలోచన ఆ తర్వాత ఇంకా ఎక్కువగా తిరిగి వచ్చింది. ‘చూడాలనిపిస్తోంది, ఇది కాసేపట్లో పోతుంది’ అని గమనించి వదిలేయడం నేర్చుకోవాలి. యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ నేర్పేది ఇదే. 2016లో ప్రచురితమైన ఒక చిన్న పరీక్షలో 28 మంది పురుషులు పాల్గొన్నారు. 12 సెషన్ల ఈ చికిత్స తీసుకున్నవారిలో చూడటం 92 శాతం తగ్గింది, పోలిక కోసం చికిత్స ఇంకా మొదలుపెట్టకుండా ఎదురుచూపు జాబితాలో ఉంచినవారిలో 21 శాతం తగ్గింది. 28 మంది అంటే తక్కువే, అందరూ మగవాళ్లే. అయినా దిశ చూపించడానికి అది చాలు.

ఆన్‌లైన్‌లో చెలామణీ అయ్యే ‘90 రోజులు పూర్తిగా మానేస్తే మెదడు రీబూట్ అవుతుంది’ అనే మాటకు గట్టి ఆధారం లేదు. 2023లో ప్రచురితమైన ఒక యాదృచ్ఛిక పరీక్షలో, తరచుగా చూసే 176 మంది విద్యార్థుల్లో కొందరిని ఏడు రోజులు మానమన్నారు. మామూలు వాడకందారుల్లో మానినప్పుడు వచ్చే ఉపసంహరణ లక్షణాలు చెప్పుకోదగ్గవేవీ రాలేదు. సమస్య తీవ్రంగా ఉండి రోజూ చూసేవారిలో మాత్రం తహతహ పెరిగిన సూచనలు కనిపించాయి. ఈ రోజుల లెక్కతో వచ్చే అసలు ప్రమాదం వేరే ఉంది. 40వ రోజు ఒకసారి చూస్తే ‘అంతా పోయింది, మళ్లీ సున్నా’ అనుకుని ఆ వారమంతా చూస్తారు. ఒక్క జారుడు కంటే ఆ తర్వాతి నిరాశే ఎక్కువ నష్టం చేస్తుంది. మద్యం మానేవారిలో మనస్తత్వవేత్త అలన్ మార్లట్ ఎన్నో ఏళ్ల క్రితం గుర్తించింది ఇదే. లెక్క పెట్టాలనుకుంటే వరసగా ఎన్ని రోజులన్నది వదిలి, నెలలో ఎన్ని రాత్రులు బాగా నిద్రపోయారో, ఎన్నిసార్లు కోరిక వచ్చినా ఆగారో లెక్కించాలి.

యువకులు రహస్యంగా అడిగే ఇంకో ప్రశ్న అంగస్తంభన గురించి. పోర్న్ చూడటం వల్లే అది వస్తుందని తేల్చి చెప్పే ఆధారం లేదు, అధ్యయనాల ఫలితాలు ఒకదానికొకటి కలవవు. నిద్రలేమి, ఆందోళన, మద్యం, డిప్రెషన్, దానికి వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు మరింత సాధారణ కారణాలు. నిద్ర లేచేటప్పుడు స్తంభన మామూలుగా ఉండి, భాగస్వామితో ఉన్నప్పుడే రాకపోతే శారీరక లోపానికి అవకాశం తక్కువ, ఆందోళనకు ఎక్కువ. రెండు సందర్భాల్లోనూ స్తంభన లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లి చక్కెర, హార్మోన్లు చూపించుకోవాలి. ప్రకటనల్లో కనిపించే పొడులు, నూనెలు కొనకూడదు.

అమ్మాయిల సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇది మగవాళ్ల వ్యవహారమన్న భావన వల్ల, ఇబ్బంది పడుతున్న యువతులు సిగ్గుతో రెండింతలు ముడుచుకుపోతారు. సహాయం గురించి రాసే ప్రతి చోటా వాళ్లను కూడా ఉద్దేశించి రాయండి.

తల్లిదండ్రులకు ఒకటే చెబుతాం. ఇరవై ఏళ్ల కొడుకు ఫోను దొంగచాటుగా చూసి నిలదీస్తే అతను మానడు, ఫోనుకు తాళం మారుస్తాడు. నిద్ర ఎలా ఉంది, చదువు ఎలా సాగుతోంది, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడిగితే అసలు సంగతి తానే చెప్పే వీలుంటుంది. మైనర్లతో తీసినవీ, అవతలి మనిషి అనుమతి లేకుండా తీసినవీ పంచినవీ మాత్రం ఈ చర్చలోకి రావు. అవి నేరం, అక్కడ సలహా కంటే ముందు చట్టం ఉంది.

మీ పత్రికకు మా విన్నపాలు ఇవి. ఈ అంశం మీద సర్వే వార్త వేసేటప్పుడు ఎంతమందిని, ఏ వయసువారిని, ఏ ప్రశ్న అడిగారో ఒక వాక్యంలో చేర్చండి. రెండు విషయాల మధ్య సంబంధం మాత్రమే కనబడిన అధ్యయనానికి ‘వల్ల’ అనే శీర్షిక పెట్టకండి. ప్రశ్నలు-జవాబుల శీర్షికలో ఈ ప్రశ్న వస్తే మంచీచెడూ చెప్పే ముందు, ఎప్పుడు చూడాలనిపిస్తుందో, ఆ ముందు గంటలో ఏం జరుగుతుందో అడిగే నిపుణుడిని పెట్టండి. ఆ జవాబు కిందే, ఆరు నెలలుగా అదుపు తప్పిందనిపించేవారు మానసిక వైద్యుణ్ని గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవవచ్చని, చెప్పినది సాధారణంగా గోప్యంగా ఉంటుందని, మొదటిసారి వెళ్లేటప్పుడు రెండు వారాల నమోదు కాగితం, వాడుతున్న మందుల పేర్లు పట్టుకెళ్లమని రాయండి.

భవదీయులు,
యువత మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే కొందరు వైద్యులు, కౌన్సెలర్లు